స్టీరింగ్ నిలబడటం లేదు, వ్యాన్ రోడ్డంతా తిరుగుతోంది. స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడుని చక్రాలకి అందించే గేర్ల పెట్టె) మార్చేయాలా?

నర్సరీ బండి:
నమస్కారం అండి. పొద్దున్నుంచి షెడ్డు దగ్గరే కూర్చున్నాను, పని తేలలేదు, తల వేడెక్కిపోయింది. వ్యాన్ స్టీరింగ్ విపరీతమైన లూజు. తిన్నగా పట్టుకున్నా బండి తిన్నగా పోదు. కాసేపు ఎడమకి, సరిచేసేలోగా కుడికి. స్పీడు యాభై దాటిందంటే రెండు చేతులతో దిద్దుకుంటూనే ఉండాలి. మా లోడు కడియం నుంచి కాకినాడకి కాలవ గట్టు రోడ్డు మీద పోతుంది. ఒక పక్క కాలవ. ఎదురుగా బస్సు వస్తే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాల్సిందే. వీల్ అలైన్‌మెంట్ చేయించాను. టై రాడ్ (రెండు ముందు చక్రాల్నీ కలిపే కడ్డీ) ఎండ్లు కొత్తవి వేయించాను. స్టీరింగ్ బాక్సు స్క్రూ బిగించారు. బిగించాక ఇంకా ఘోరం, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రావటం లేదు. ఇప్పుడు మెకానిక్ బాక్సు మొత్తం మార్చాలంటున్నాడు. మారిస్తే పోతుందా? రేపు లోడు ఉంది, తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి.

గోదారి డీజిల్:
ఏ బండి? ఏ మోడల్? పవర్ స్టీరింగా, మామూలుదా?

టైర్ల షాపు:
బాక్సు, లింకులు అన్నీ తర్వాత. ముందు టైర్లు చూడండి. మా దగ్గరికి స్టీరింగ్ కంప్లయింట్‌తో వచ్చే బండ్లలో చాలా వాటికి ముందు రేడియల్, వెనక నైలాన్ ఉంటాయి, లేదా ఒకే యాక్సిల్‌కి చెరొక రకం. రేడియల్ పక్కగోడ మెత్తన, నైలాన్ గట్టి. రెండూ రోడ్డుని ఒకేలా పట్టుకోవు, బండి తేలుతుంది. రెండోది, టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చదవండి. చివరి నాలుగంకెలు 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని. గుండీలు (రోడ్డుకి తగిలే రబ్బరు గడులు) బాగున్నాయని పదేళ్ల టైరు ముందు చక్రానికి వేసుకుని తిరిగేవాళ్లున్నారు. రబ్బరు ఎండిపోయి పక్కన సన్నగా పగుళ్లు కనిపిస్తాయి, గోరు దించి చూస్తే తెలుస్తుంది. రీసోల్ టైరు (పాత టైరుకి కొత్త రబ్బరు అతికించింది) ముందు చక్రానికి మాత్రం వద్దు. గాలి కూడా పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ముప్పై కిలోమీటర్లు తోలి వచ్చి చూస్తే అది అసలు లెక్క కాదు. గాలి తక్కువైనా బండి ఇలాగే తిరుగుతుంది.

నర్సరీ బండి:
టైర్లు బాగానే ఉన్నాయండి, నాలుగూ రేడియల్సే. నా ప్రశ్న బాక్సు గురించి.

మాజీ లారీ డ్రైవర్:
బాబూ, ముందు ఒక సంగతి తేల్చు. బండి ఒక పక్కకి లాగుతోందా, తేలుతోందా, వొబ్లింగ్ వస్తోందా? మూడూ ఒకటి కాదు. ఎప్పుడూ ఒకే పక్కకి పోతే దాన్ని లాగడం అంటారు. గాలి తేడా, బ్రేకు అంటుకోవడం, యాక్సిల్ పక్కకి జరగడం, వీటివల్ల వస్తుంది. ఫలానా స్పీడులో స్టీరింగ్ చేతిలో గజగజలాడితే అది వొబ్లింగ్, వీల్ బ్యాలెన్సింగ్ దగ్గర మొదలుపెట్టాలి. నువ్వు చెప్పినట్టు ఎటు పోతుందో తెలియకుండా రెండు వైపులా తిరిగితే అది తేలడం. మెకానిక్ దగ్గరికెళ్లి అన్నిటికీ ‘లూజు’ అంటే అతను చేతికి దొరికింది బిగిస్తాడు.

టైర్ల షాపు:
వొబ్లింగ్‌కి బ్యాలెన్సింగ్ ఒక్కటే కారణం కాదు పెద్దాయనా. రిమ్ము వంకర ఉన్నా వస్తుంది.

మాజీ లారీ డ్రైవర్:
నేను ఒక్కటే అనలేదు, మొదలుపెట్టాలి అన్నాను.

ఆటోనగర్ బెంచీ:
అడిగినాయన బండి పేరు ఇంకా చెప్పలేదు. ఏ బండైనా సరే, బాక్సు ఇప్పుడే మార్చకండి. కింద పడుకుని చూడకుండా బాక్సు మీద తీర్పు చెప్పకూడదు. ఇద్దరు మనుషులు కావాలి. చక్రాలు నేల మీదే ఉండాలి, జాకీ వద్దు. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ని ఇటు రెండంగుళాలు, అటు రెండంగుళాలు, ఆపకుండా ఊపుతూ ఉండాలి. రెండోవాళ్లు కింద పడుకుని పైనుంచి కిందకి వరసగా చూడాలి. మొదట కాలమ్ జాయింటు. తర్వాత బాక్సుని చాసిస్‌కి పట్టే బోల్టులు. బోల్టు లూజై బాక్సే కదులుతున్న బండ్లు చూశాను, చాసిస్ చీలినవీ చూశాను. తర్వాత డ్రాప్ ఆర్మ్ (బాక్సు నుంచి కిందకి దిగే చెయ్యి), డ్రాగ్ లింక్ (ఆ చేతిని చక్రానికి కలిపే కడ్డీ) రెండు చివర్లు, టై రాడ్. ప్రతి జాయింటు మీదా చెయ్యి వేసి ఉంచండి. కంటికి కనపడని ఆట, అంటే లూజు కదలిక, వేలికి తెలుస్తుంది. ఒక ముక్క కదిలి దాని పక్క ముక్క ఆలస్యంగా కదిలిన చోటే మీ లూజు. స్టీరింగ్ అంచు దగ్గర కొలిస్తే అంగుళం దాకా ఖాళీ ఉండటం పాత బండికి మామూలే.

స్క్రూ బిగించాక స్టీరింగ్ వెనక్కి రావటం లేదంటే ఎక్కువ బిగించారని అర్థం. బాక్సులో అరుగుదల మధ్యలోనే ఎక్కువ, బండి తిన్నగా పోయేది ఎక్కువ కాబట్టి. మధ్యలో ఖాళీ పోయేదాకా బిగిస్తే పక్కలకి తిప్పినప్పుడు పట్టేస్తుంది. పట్టేసిన స్టీరింగ్‌తో కూడా బండి తేలుతుంది. డ్రాగ్ లింక్ విప్పి, చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగానికి తెస్తే అదే మధ్య. అక్కడ ఒక్కచోట రవ్వంత బరువు తగలాలి, మిగతా అంతా తేలిగ్గా తిరగాలి.

గోదారి డీజిల్:
అలైన్‌మెంట్ మళ్లీ చేయించండి. ఇంకో చోట.

ఆటోనగర్ బెంచీ:
ముందు పక్క కడ్డీ యాక్సిల్ (రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు) ఉన్న బండికి అలైన్‌మెంట్ అంటే టో ఒక్కటే అండి. టై రాడ్ తిప్పి చక్రాల ముందు అంచులు వెనక అంచుల కంటే కొద్దిగా దగ్గరగా ఉండేలా చూడటం, అంతే. క్యాంబర్ (చక్రం పక్కకి వాలు), క్యాస్టర్ (చక్రం తిరిగే పిన్ను వెనక్కి వాలు) అక్కడ తిప్పడానికి నట్టు లేదు. పైగా కింగ్ పిన్ (ముందు చక్రం ఇటూ అటూ తిరిగే నిలువు పిన్ను) అరిగి ఉంటే మెషీన్ మీద వచ్చిన రీడింగ్ రోడ్డు మీద ఉండదు. ఎన్ని చోట్ల చేయించినా అంతే.

టైర్ల షాపు:
క్యాస్టర్ తిప్పలేకపోయినా మా మెషీన్ చూపిస్తుంది. కాగితం ఇస్తారు. ఆ కాగితం అడిగి తీసుకోవడం ప్రతి ఓనరూ నేర్చుకోవాలి.

ఆటోనగర్ బెంచీ:
కరెక్టే. కాగితం ఉంటే ఫొటో పెట్టండి.

ఈకో కార్గో:
నా మారుతి ఈకో వ్యాన్ కూడా హైవే మీద గాలికి ఇలాగే ఊగుతోంది. నాకూ కింగ్ పిన్నేనా?

ఆటోనగర్ బెంచీ:
ఈకోకి కింగ్ పిన్లు ఉండవు. దానిది ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ (చిన్న గేరు, పళ్ల కడ్డీ రకం), ముందు స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ కలిసినవి). లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు చూపించండి. వేరే పోస్టు పెడితే అక్కడ మాట్లాడుకుందాం.

నర్సరీ బండి:
సారీ, షెడ్డులో సిగ్నల్ లేదు. ట్రావెలర్ డెలివరీ వ్యాన్ అండి, 2008. పవర్ స్టీరింగ్ లేదు. ముందు కూడా కమాన్ కట్టలే (ఇనుప పట్టీల స్ప్రింగులు). అలైన్‌మెంట్ కాగితం ఇవ్వలేదు. లోడుతో వెళ్తే కొంచెం నయం, ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే చంపేస్తోంది. కుండీల బరువుకి వెనక కుంగిపోతోందని వర్షాల ముందు వెనక కమాన్లకి చెరో రెండు పట్టీలు ఎక్కించాం. దానికీ స్టీరింగ్‌కీ సంబంధం లేదనుకుంటా.

ఆటోనగర్ బెంచీ:
సంబంధం ఉంది. చాలా ఉంది! వెనక పట్టీలు ఎక్కిస్తే ఖాళీ బండి వెనక లేస్తుంది, ముక్కు వంగుతుంది. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండటం కూడా చెయ్యి వదిలినా తిన్నగా పోవడానికి సాయం చేస్తుంది కదా, మీ కింగ్ పిన్ కూడా అలాగే వెనక్కి వాలి ఉండాలి. దాన్నే క్యాస్టర్ అంటారు. వెనక లేపిన కొద్దీ ఆ వాలు తగ్గిపోతుంది. స్టీరింగ్‌ని మధ్యకి తెచ్చే బలం పోతుంది. లోడు వేస్తే వెనక దిగి వాలు కొంత తిరిగొస్తుంది, అందుకే నయం. తేలడం మొదలైంది పట్టీలు వేయించాకేనా?

నర్సరీ బండి:
లూజు అంతకు ముందే ఉందండి. పట్టీలు వేశాక ఎక్కువైంది. అప్పుడు రోడ్డు బాగోలేదనుకున్నాం.

ఆటోనగర్ బెంచీ:
అయితే రెండు జబ్బులు. ముందు అరుగుదల పట్టుకోండి. క్లీనర్ సైడు (ఎడమ పక్క) ముందు యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం లేపండి. మిగతా చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. చక్రం పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి వేసి లోపలికి బయటికి ఊపండి. ఆడితే ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగ్. తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్. డ్రైవర్ సైడూ అలాగే.

స్క్రాప్ సలహా:
2008 బండికి ఇంత ఖర్చెందుకు? ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. అమ్మేసి కొత్తది తీసుకోండి.

మాజీ లారీ డ్రైవర్:
ఈఎంఐ నువ్వు కడతావా? ఆయన అడిగింది స్టీరింగ్.

నర్సరీ బండి:
చూశాను. క్లీనర్ సైడు బ్రేకు తొక్కి పట్టుకున్నా టకటకమని ఆడుతోంది. కింగ్ పిన్ కింద బుష్ (పిన్ను తిరిగే గొట్టం) దగ్గర తుప్పు నీరు కారిన చార ఉంది. డ్రైవర్ సైడు ఆట తక్కువ. క్లీనర్ సైడు ఒక్కటే మారిస్తే సరిపోదా?

ఆటోనగర్ బెంచీ:
ఆ తుప్పు చార అంటే గ్రీజు అక్కడికి ఎన్నాళ్లుగానో వెళ్లలేదని. రెండు పక్కలా మార్చండి, లేకపోతే మళ్లీ ఇదే పని. కిట్టు కొనడం తేలికే, బుష్ కొట్టాక రీమర్ (రంధ్రాన్ని సరైన కొలతకి కోసే పనిముట్టు) వేసే మనిషి ముఖ్యం. పైబుష్, కిందబుష్ ఒకే వరసలో రీమ్ చేయాలి. పిన్ను వేలి ఒత్తిడికి దిగాలి, సుత్తితో దిగకూడదు. బిగువైతే మళ్లీ స్టీరింగ్ వెనక్కి రాదు. యాక్సిల్‌కీ నకల్‌కీ (కింగ్ పిన్ మీద తిరిగే, చక్రాన్ని మోసే ముక్క) మధ్య పైకి కిందికి ఆట ఉంటే షిమ్ములు (పల్చటి రింగులు) వేయమనండి. అయ్యాక గ్రీజు చక్రం గాల్లో లేపి కొట్టించండి. నేల మీద ఉండగా కొడితే బరువు మోసే పక్కకి గ్రీజు పాకదు. అంతా అయ్యాకే టో చూపించండి. పట్టీల విషయం ఆ తర్వాత. ఒకటి తీయించడమా, ముందు కమాన్‌కీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ప్లేటు, మందం వెనక్కి వచ్చేలా వేయించడమా అన్నది ఎత్తు కొలిచి తేలుద్దాం.

టైర్ల షాపు:
గాలి ఎంత ఉందో ఇప్పటికీ చెప్పలేదు.

గోదారి డీజిల్:
ఏమైంది బ్రదర్, అప్‌డేట్ పెట్టండి.

నర్సరీ బండి:
కింగ్ పిన్లు రెండు పక్కలా అయ్యాయి, రాజమండ్రిలో లేత్ దగ్గర రీమ్ చేయించాం. బాక్సు స్క్రూ వెనక్కి వదిలించాను, మార్చలేదు. లోడుతో తిన్నగా పోతోంది. ఖాళీగా ఇంకా కొంచెం తేలుతోంది. ఇప్పుడు మొక్కల సీజను, బండి ఆపలేను. పట్టీల సంగతి తర్వాత చూస్తా. థాంక్స్ అండి అందరికీ.

ఆటోనగర్ బెంచీ:
మంచిది. ఖాళీ బండితో గట్టు రోడ్డు మీద నలభై దాటకండి. టో చూపించారా? ఖాళీగా ఉన్నప్పుడు ముందు, వెనక చాసిస్ ఎత్తు కొలిచి ఇక్కడ పెట్టండి.

ఈకో కార్గో:
లోయర్ ఆర్మ్ బుష్‌లు ఒరిజినల్ వేయాలా, బయటివి పర్వాలేదా?