“చేవ చచ్చింది” అంటే చచ్చేది ఏమిటి?

మొన్న ఒకరు ఇక్కడ అడిగారు: “‘చేవ చచ్చినవాడు’ అంటాం కదా, చేవ అంటే బలమా, ధైర్యమా, పౌరుషమా?” జవాబులు చాలానే వచ్చాయి. మూడూ సరైనవేనన్నారు కొందరు. ‘చేయి’ నుంచి పుట్టిన మాట కాబట్టి చేతనవడమే చేవ అని ఒకరు రాశారు. ఈ చివరిది కుదరదనుకుంటాను. నిఘంటువుల్లో దీనికి ‘చేగ’ అనే రూపం కూడా ఉంది. తీగకు తీవ ఎలాగో, చేగకు చేవ అలాగ. కన్నడంలోనూ చేగు అంటే మాను నడిమి గట్టి భాగమే. చేతితో దీనికి సంబంధం లేదు.

మాది కోనసీమ. మా వైపు వడ్రంగుల దగ్గర చేవ అంటే గుణం కాదు, వేలు పెట్టి చూపించగలిగే వస్తువు. మానును అడ్డంగా కోయించి చూడండి. పైన బెరడు, దాని కింద తెల్లటి వలయం, నడుమ ముదురు రంగు కర్ర కనిపిస్తాయి. ఆ నడిమిదే చేవ. టేకులో అది బంగారు ఛాయ కలిసిన గోధుమ రంగు, నల్లతుమ్మలో ఎరుపు తిరిగిన గోధుమ రంగు, పనసలో పసుపు. వేరు తాగిన నీళ్ళు ఆకుదాకా వెళ్ళేది తెల్లటి వలయం గుండా. చెట్టుకు వయసొచ్చేకొద్దీ లోపలి భాగం ఆ పని మానేస్తుంది, అందులో బతికి ఉన్న కణాలు కూడా చచ్చిపోతాయి. వాటిలో నూనెలు, జిగుర్లు, టానిన్ల వంటి పదార్థాలు పేరుకుంటాయి. ఇవి చాలావరకు చెదకూ బూజుకూ గిట్టవు. అలా పేరుకున్న కర్రనే ‘చేవదేరిన’ కర్ర అంటాం. తెల్ల భాగంలో మాత్రం పిండిపదార్థం, చక్కెరలు ఉంటాయి. పుచ్చు పురుగుకు కావలసినవి అవే.

స్కూలు పుస్తకాల్లో నడిమిదాన్ని అంతర్దారువు అనీ, తెల్లదాన్ని రసదారువు అనీ రాస్తారు. రసదారువు మంచి మాటే. కానీ ప్రతి వడ్రంగి నోటా చేవ అనే మాట ఉండగా ‘అంతర్దారువు’ కట్టవలసిన అవసరం ఏమొచ్చిందో నాకు అర్థం కాదు. చేవ అని రాసి ఉంటే పిల్లవాడికి పాఠమూ వచ్చేది, తిట్టు ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలిసేది.

ఇక అసలు ప్రశ్న. చెట్టు నడుమ పుచ్చి తొర్ర పడినా చెట్టు వెంటనే ఎండిపోదు. నీళ్ళు మోసే తెల్ల వలయం బాగానే ఉంటుంది కాబట్టి ఆకు వేస్తుంది, కాయ కాస్తుంది. పాత చింతచెట్లు చూడండి, మనిషి పట్టేంత తొర్ర ఉన్నా ఏటా కాస్తూనే ఉంటాయి. గాలివాన వచ్చినప్పుడు మాత్రం అలాంటి చెట్టే ముందు విరుగుతుంది. ‘చేవ చచ్చిన’ మాను అంటే అది: పైకి పచ్చగా ఉంటుంది, లోపల నిలబెట్టేది పోయింది. మనిషిని అన్నప్పుడు కూడా భావం ఇదే. చేవ చచ్చినవాడంటే పిరికివాడు కాదు, జబ్బుమనిషీ కాదు. తిని తిరుగుతున్నాడు గానీ బరువు మీద పడితే నిలబడడు. అందుకే దీన్ని ధైర్యం, పౌరుషం అని ఊరుకుంటే మాట పదును పోతుంది.

“చేవలోవి ఎలాగూ చచ్చిన కణాలే అంటున్నారు, మరి చేవ చావడమేమిటండీ?” అని ఒకరు అడిగారు. ఇక్కడ చావడమంటే సత్తువ ఉడిగిపోవడం. జ్వరమొస్తే నోరు చచ్చింది అంటాం, కాలు చచ్చుపడింది అంటాం. ఆ వాడుకే ఇది.

చేవ దగ్గర వడ్రంగి చూపు ఎంత నిక్కచ్చిగా ఉంటుందో మా పిన్నిగారింటి గుమ్మం పని అప్పుడు చూశాను. కర్ర డిపోలో టేకు కమ్మీలు, అంటే గుమ్మానికి నిలబెట్టే కర్రలు, చూపించారు. అన్నిటికీ ఒకటే రంగు పూసినట్టుంది. ఆచారిగారు ఒక కమ్మీ తిప్పి, అంచున ఉలితో సన్నటి పొర లేపారు. లోపల రెండంగుళాల మేర తెల్లగా తేలింది. “దీంట్లో చేవెంతుందండీ? సగం తెల్లదేనండి. రెండు వానాకాలాలు ఆగితే మీకే తెలుస్తుందండి” అన్నారు. బేరం అప్పటికే కుదిరిపోయిందని ఇంట్లోవాళ్ళు అదే తీసుకున్నారు. తర్వాత గడప పక్కన రోజూ ఊడ్చినా మళ్ళీ సన్నటి పిండి కనిపించేది. ఆ కమ్మీ ఇప్పటికీ ఉంది. తెల్లచార ఉన్నంతమేరా గుండుసూది పట్టేన్ని చిల్లులు పడ్డాయి. దాని పక్కనే, గీత గీసినట్టు, చేవ మొదలైన చోట చిల్లులు ఆగిపోయాయి. అక్కడ ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

టేకు కొనేవాళ్ళు బల్లార్షా టేకా, బర్మా టేకా అని అడుగుతారు. అంతకంటే ముందు చేవ ఎంత, తెలుపు ఎంత అని అడగాలి. పొలం గట్ల మీద పెంచి తొందరగా కొట్టేసిన లేత టేకులో తెల్లభాగమే ఎక్కువ.

డెల్టాలో టేకడవులు లేవు. పై అడవుల్లో కొట్టిన దుంగలను తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రి వైపు దింపేవారు. నరసాపురంలో, కోరంగిలో ఓడలు కట్టే పని ఒకప్పుడు అంత జోరుగా సాగిందంటే నది మోసుకొచ్చిన ఆ టేకు కూడా ఒక కారణం. చాలా మండువా లోగిళ్ళ స్తంభాలు, ద్వారబంధాలు కూడా టేకువే. అంతర్వేది రథం 2020 సెప్టెంబరులో కాలిపోయాక 2021 ఫిబ్రవరికి సిద్ధం చేసిన కొత్త రథం కూడా టేకుదే. దూలాలకు, వాసాలకు మాత్రం డెల్టా ఎక్కువగా తన తాటినే నమ్ముకుంది.

ఈ చర్చలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి తాటి దగ్గరే ఉంది. తాటికి చేవ నడుమ ఉండదు, చుట్టూ ఉంటుంది. మొద్దు నరికి చూస్తే అంచున నల్లటి పీచు దగ్గరదగ్గరగా బిగిసి ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ పలచబడి, నడుమ అంతా మెత్తటి దూటే. అందుకే వాసానికి తాడిని నిలువునా చీల్చి, లోపలి మెత్తదనమంతా బాడిసతో చెక్కేసి, పైనున్న నల్లదాన్నే ఉంచుతారు. కొల్లేటి తాటిదోనె పుట్టుక కూడా ఇదే. మొదలు లావుగా ఉన్న తాడిని చీల్చి లోపల తొలిచేస్తే, చెట్టు చేవే దోనె గోడ అవుతుంది. టేకుతో ఇలా చేస్తే మంచి కర్రంతా తీసి పారేసి తెలుపు మిగుల్చుకున్నట్టే.

కొబ్బరిదీ ఇదే తీరు, కాకపోతే తాటంత గట్టిది కాదు. 1996 నవంబరు తుఫానుకు కోనసీమలో తోటలకు తోటలే పడిపోయాయి. మా ఊళ్ళో ఆ మొద్దుల్ని పంటబోదెల (చిన్న కాలవల) మీద వంతెనలుగా వేశారు. కొన్నేళ్ళకు నడుమంతా కుళ్ళి నీళ్ళలో కలిసిపోయింది, పైనున్న గుల్ల మీదుగానే జనం ఇంకా నడుస్తుండేవారు.

పాత శిల్పశాస్త్రాలు ఈ తేడాను గమనించే చెట్లను నాలుగు రకాలు చేశాయి. పనస వంటివి అంతస్సారం: లోపల గట్టివి. తాడి, కొబ్బరి, పోక, వెదురు బహిస్సారం: బయట గట్టివి. టేకు, చింత సర్వసారం: అంతటా గట్టివి. మునగ, మోదుగ వంటివి నిస్సారం. సంస్కృతంలో సారం అంటే మాను చేవ అనే అర్థం ఉంది. “ఉపన్యాసం నిస్సారంగా ఉంది” అన్నా, “చేవ లేని రాత” అన్నా వెనక ఉన్నది అదే కర్ర. టేకును సర్వసారంలో వేయడం మాత్రం నాకు రుచించదు. వాళ్ళు చూసిన టేకు అడవిలో బాగా ముదిరినదై ఉంటుంది. ఇవాళ డిపోలో దొరికే టేకును ఏ ఆచారిగారూ సర్వసారం అనరు.

నిస్సారం జాబితాలో మునగ ఉండటం చూడండి. పొగడ్తలతో ఉబ్బేసేవాణ్ణి “మునగచెట్టు ఎక్కిస్తున్నాడు” అంటాం. చింతచెట్టు ఎక్కిస్తున్నాడని అనం. మునగ కొమ్మ మనిషి బరువుకు ఠక్కున విరుగుతుంది. ఎక్కించేవాడికి ఆ సంగతి తెలుసు. ఈ జాతీయం కూడా కర్ర గురించిన తెలివిడిలోంచే వచ్చింది.

చేవ లేకపోవడం ప్రతిచోటా లోపం కాదు. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కావాలి. తేలికగా, మెత్తగా ఉండి చెక్కినట్టు చెక్కించుకుంటుంది. నల్లతుమ్మతో ఆ బొమ్మ చేయబోతే ఉలి మొద్దుబారుతుంది. అదే తుమ్మ బండిచక్రానికీ నాగలికీ పెట్టింది పేరు. దెబ్బ తట్టుకునే పని దానిది. పనసతో బొబ్బిలి వీణ చేస్తారు. మామిడి పలకలు పెట్టెలకూ సెంట్రింగుకూ చాలు, గుమ్మానికి పనికిరావు. తీరం వెంబడి ఇసుకలో పెరిగే సరుగుడు నిటారుగా ఉంటుంది కాబట్టి పందిరి గుంజలకూ శ్లాబు కింద ఊతాలకూ పోతుంది.

తమిళంలో ఇలాంటి మాటే ఉందా అని అడిగినవారికి: వాళ్ళు చేవను వైరం అంటారు, అంటే వజ్రం. వయసు మీద పడినా గట్టిగా ఉన్న పెద్దవాణ్ణి ‘వైరం పాయ్‌న్ద కట్టై’, వైరం పారిన కట్టె అంటారు. మనం ‘చేవదేరిన మనిషి’ అనవచ్చు, కానీ ఈ మధ్య ఆ మాట వినపడటం లేదు. ‘చేవ చచ్చిన’ ఒక్కటే మిగిలింది. రాసేవాళ్ళు ‘చేవదేరిన’ అనే మాటను కూడా వాడాలని నా కోరిక.

ఇంతకీ చేవ చుట్టూ ఉండే ఆ తెల్లభాగానికి మీ వైపు వడ్రంగులు ఏ మాట వాడతారు? మా ఆచారిగారు తెల్లది అనే అన్నారు. శ్రీకాకుళం, రాయలసీమ, తెలంగాణ మిత్రులు మీ ఊరి పేరుతో సహా రాయండి. తాటి నడిమి మెత్తదానికి దూట కాకుండా వేరే మాట ఉంటే అదీ చెప్పండి.