వర్డ్ ఫైల్ పంపితే అవతలి కంప్యూటర్లో తెలుగు ఫాంట్ మారిపోతోంది, దారేమిటి?

ప్రశ్న

నమస్కారమండీ. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచర్ని. పిల్లల రాతలతో వార్షిక సంచిక తయారు చేస్తున్నాం. శీర్షికలకు రామభద్ర, లోపలి పాఠానికి మండలి ఫాంట్ పెట్టి, రెండు వారాలు కూర్చుని 48 పేజీలు సర్దాను. ప్రూఫ్ చూడమని మా సోషల్ సార్‌కు పంపితే ఆయన కంప్యూటర్లో 53 పేజీలయింది. శీర్షికలన్నీ మామూలు సన్నటి అక్షరాలైపోయాయి, పద్యపాదాలు మధ్యలో విరిగాయి, బొమ్మ ఒక పేజీలో ఉంటే దాని కథ ఇంకో పేజీలో ఉంది. సోమవారం ప్రెస్సుకు ఇవ్వాలి.

ఇంకొకటి. మా పాత హెడ్మాస్టరు గారు తన సందేశాన్ని డీటీపీ సెంటర్లో టైపు చేయించి పంపారు. నా దగ్గర తెరిస్తే అందులో తెలుగే లేదు, అన్నీ ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. రెండూ ఒకటే సమస్యా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు

మేడమ్, మీరు సర్దిన పని ఎక్కడికీ పోలేదు. వర్డ్ ఫైల్లో అక్షరాలుంటాయి, వాటికి వాడిన ఫాంట్ పేరు ఉంటుంది. ఫాంట్ మాత్రం మీ కంప్యూటర్లోనే ఉండిపోతుంది. సార్ కంప్యూటర్ ఆ పేరు కోసం వెతికింది, దొరకలేదు, తన దగ్గరున్న తెలుగు ఫాంట్ వేసింది. విండోస్ 8 నుంచి వచ్చిన కంప్యూటర్లలో అది మామూలుగా నిర్మలా యూఐ. పై గుడులకూ కింది ఒత్తులకూ ఒక్కో తెలుగు ఫాంట్ ఒక్కోలా చోటు వదులుతుంది. అందువల్ల సైజు 12 అలాగే ఉన్నా వరుసల మధ్య ఎడం మారుతుంది. మీకు ఐదు పేజీలు పెరిగింది అలాగే.

ఫాంట్‌ను ఫైల్లోనే పెట్టి పంపాలి. దీన్నే ఎంబెడ్ చేయడం అంటారు. విండోస్‌లో వర్డ్ తెరిచి ఫైల్‌లో ఆప్షన్స్, అందులో సేవ్‌కి వెళ్లండి. అడుగున ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ అని ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. దాని కింద రెండు గళ్లుంటాయి. మొదటిది, వాడిన అక్షరాలు మాత్రమే ఎంబెడ్ చేయాలా అని అడుగుతుంది. అది ఖాళీగా వదిలేయండి. టిక్ పెడితే సైజు తగ్గుతుంది నిజమే, కానీ సార్ ప్రూఫ్ దిద్దుతూ మీ ఫైల్లో లేని అక్షరం కొడితే అది వేరే ఫాంట్‌లో పడుతుంది. రెండోది, విండోస్‌తో వచ్చే మామూలు ఫాంట్లను వదిలేయమనేది. దాన్ని టిక్‌తో ఉంచండి. ఓకే కొట్టాక ఫైల్‌ను మళ్లీ సేవ్ చేయడం మరిచిపోవద్దు.

ఈ సెట్టింగ్ ఆ ఒక్క ఫైల్‌కే వర్తిస్తుంది, కొత్త ఫైల్‌కు మళ్లీ పెట్టాలి. లిబ్రే ఆఫీస్ వాడేవారికి ఇదే పని ఫైల్, ప్రాపర్టీస్, ఫాంట్ అనే చోట ఉంది.

ఫాంట్ నిజంగా వెళ్లిందో లేదో చూసుకోవచ్చు. సేవ్ చేశాక ఫైల్ సైజు పెరగాలి. ఇంకా నమ్మకం కావాలంటే ఫైల్‌కు ఒక కాపీ తీసి, దాని పేరు చివర .docx అన్నచోట .zip అని మార్చి తెరవండి. వర్డ్ అనే ఫోల్డర్ లోపల ఫాంట్స్ అనే ఫోల్డర్, అందులో ఫైళ్లు కనిపిస్తే వెళ్లినట్టే.

మరొక సభ్యుడు

ఇంత ఎందుకండీ, ఫాంట్ ఫైల్‌నే సార్‌కు పంపి ఇన్‌స్టాల్ చేసుకోమంటే సరిపోతుంది కదా?

జవాబు

ఈ రెండు ఫాంట్లకైతే నిక్షేపంగా పంపొచ్చు. మండలి, రామభద్ర సిలికానాంధ్ర వాళ్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందరికీ ఇచ్చినవి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పంచవచ్చు, ఎంబెడ్ కూడా చేయవచ్చు. కొనుక్కున్న ఫాంట్‌ను అలా పంచకూడదు. ఎంబెడ్ చేయనిచ్చేదీ లేనిదీ తయారుచేసినవాళ్లు ఫాంట్‌లోనే రాసి ఉంచుతారు. విండోస్ ఫాంట్స్ ఫోల్డర్లో ఆ ఫాంట్ ప్రాపర్టీస్, డీటెయిల్స్ చూస్తే తెలుస్తుంది. అక్కడ రిస్ట్రిక్టెడ్ అని ఉంటే వర్డ్ దాన్ని ఎంబెడ్ చేయదు, అది మీ తప్పు కాదు.

డీటీపీ చేసే సభ్యురాలు

మేడమ్, హెడ్మాస్టరు గారి సందేశం సంగతి నేను చెప్తాను. అది వేరే జబ్బు. అను లాంటి పాత ఫాంట్‌లో కొట్టి ఉంటారు. వాటిలో తెలుగు అక్షరాల బొమ్మలను ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో కూర్చారు. ఫాంట్ తీసేస్తే కింద మిగిలేది ఆ ఇంగ్లిష్ గుర్తులే. మీ మండలి యూనికోడ్ ఫాంట్, అంటే అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత స్థానం ఉంటుంది, అందుకే ఫాంట్ మారినా తెలుగు తెలుగుగానే మిగిలింది. ఆ సందేశాన్ని అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేసి మార్చుకోండి. మార్చాక ఒత్తులు, సున్నలు, అంకెలు ఒక్కొక్కటీ చదవాలి, తప్పులు ఎక్కువగా వచ్చేది అక్కడే. ఒక్క పేజీయే అయితే సెంటర్ నుంచి పీడీఎఫ్ తెప్పించుకుని, చూస్తూ మళ్లీ టైపు చేయడమే మేలు. పెద్దాయన మాట తప్పుగా అచ్చయితే మనసు కష్టపడుతుంది.

అడిగినవారు

ఎంబెడ్ చేసి పంపాను. సార్ ల్యాప్‌టాప్‌లో 48 పేజీలూ వచ్చాయి! కానీ ఆయన ఫోన్‌లో తెరిస్తే మళ్లీ పాత కథే.

జవాబు

ఫోన్‌లోని చాలా యాప్‌లు ఫైల్లో ఉన్న ఫాంట్‌ను పట్టించుకోవు. గూగుల్ డాక్స్‌లో పెట్టినా అంతే, మన ఫాంట్‌ను అందులోకి ఎక్కించలేం, వాళ్ల జాబితాలో ఉన్నవే వాడుకోవాలి. దిద్దేవాళ్లకు ఎంబెడ్ చేసిన వర్డ్ ఫైల్ ఇవ్వండి, చదివేవాళ్లకూ ప్రెస్సుకూ పీడీఎఫ్ ఇవ్వండి.

పీడీఎఫ్‌ను వర్డ్ సేవ్ యాజ్‌లోనే చేయండి. తర్వాత అక్రోబాట్ రీడర్‌లో తెరిచి కంట్రోల్, డి నొక్కితే ఫాంట్స్ అనే ట్యాబ్ వస్తుంది. ప్రతి ఫాంట్ పేరు పక్కనా ‘ఎంబెడెడ్ సబ్‌సెట్’ అనో, ‘ఎంబెడెడ్’ అనో ఉండాలి. పేరు ఉండి ఆ మాట లేకపోతే ప్రెస్సులో ఆ ఫాంట్ మారే ప్రమాదం ఉంది. వర్డ్ ఫైల్‌ను మాత్రం జాగ్రత్తగా దాచుకోండి. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఒత్తులు చెల్లాచెదురైపోతుంటాయి, వచ్చే ఏడాది సంచికకు అది అక్కరకు రాదు.

అడిగినవారు

చూశాను, రెండు ఫాంట్ల పక్కనా ఆ మాట ఉంది. కానీ నిర్మలా యూఐ పేరు కూడా కనిపిస్తోంది, నేనెక్కడా పెట్టలేదే?

జవాబు

ఏదో ఒక పేరానో, బొమ్మ కింది వాక్యమో పిల్లల ఫైల్ నుంచి అతికించినప్పుడు ఆ ఫాంట్‌తో సహా వచ్చి ఉంటుంది. వర్డ్‌లో అడ్వాన్స్‌డ్ ఫైండ్ తెరిచి, ఫార్మాట్‌లో ఆ ఫాంట్ పేరు ఇచ్చి వెతకండి, దొరికినచోట మండలి పెట్టండి.

అడిగినవారు

దొరికిందండీ. 31వ పేజీలో ఏడో తరగతి పాప రాసిన పొడుపుకథలు. మార్చేశాను, పీడీఎఫ్ మళ్లీ తీశాను. సందేశం నేనే టైపు చేస్తున్నాను, రాత్రికి అయిపోతుంది.