బోటు జీపీఎస్ అంకెలు మ్యాప్‌లో తప్పు చోట పడుతున్నాయి, ఎలా కొట్టాలి?

మాది విజయనగరం జిల్లా చింతపల్లి. మా మావయ్య వేటలో చూసిన తాబేళ్లు, డాల్ఫిన్ల వివరాలు ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవుల వివరాలు ఎవరైనా నమోదు చేసే వెబ్‌సైటు) నేనే ఎక్కిస్తున్నాను. ఫొటో, తేదీ, టైము బాగానే ఉంటున్నాయి. చోటు దగ్గరే తేడా కొడుతోంది.

మావయ్య చేతి జీపీఎస్‌లో చూసిన అంకెలు అగ్గిపెట్టె అట్ట మీద రాసుకొస్తాడు. మొన్న ఉదయం 6:40కి వల లాగుతుంటే కనబడిన ఆలివ్ రిడ్లే తాబేలుకి రాసినవి: ఉత్తరం 17° 58.500, తూర్పు 83° 45.200. నేను 17.58500, 83.45200 అని కొట్టాను. పాయింటు వెళ్లి విశాఖ ఎదురుగా సముద్రంలో పడింది! ఆ రోజు మావాళ్లు మా ఒడ్డు నుంచి ఎనిమిది మైళ్లు దాటలేదు.

జీపీఎస్ సెట్టింగ్ డబ్ల్యూజీఎస్ 84లోనే (మ్యాపులు మామూలుగా వాడే కొలత పద్ధతి) ఉంది, చూశాను. ఒడ్డున నిలబడి ఫోన్ చూపించిన అంకెలు కొడితే సరిగ్గా మా ఊరే వచ్చింది. రెండు అంకెలూ తారుమారు చేసి చూస్తే తాబేలు ఉత్తర ధ్రువం వైపు మంచు సముద్రానికి పోయింది, మావయ్య ఒకటే నవ్వు. అరుదైన జీవుల చోటు బయటివాళ్లకు కావాలనే మసకగా చూపిస్తారని తెలుసు, కానీ నా సొంత ఖాతాలోనూ తప్పే.

ఒకటి గమనించాను. పాత అట్టలన్నీ తిరగేస్తే డిగ్రీ గుర్తు తర్వాతి అంకె ఎక్కడా 60 దాటలేదు.

17° 58.500, 83° 45.200 అనే అంకెల్ని వెబ్‌సైటులో కొట్టడానికి ఏ లెక్కతో మార్చాలి?