వాగుకు అడ్డంగా బీవర్ కట్టలు మనుషులు కట్టవచ్చా?

వాగుగట్టు:
కట్టవచ్చు, కట్టాలి కూడా. బీవర్ అంటే కొమ్మలు, మట్టితో వాగులకు అడ్డుకట్టలు వేసుకునే ఎలుక జాతి జంతువు. 1820లలో బ్రిటిష్ బొచ్చు వ్యాపార సంస్థ హడ్సన్స్ బే కంపెనీ అమెరికన్ వేటగాళ్లను దూరంగా ఉంచేందుకు ఉత్తర అమెరికా వాయవ్యాన ఉన్న స్నేక్ నది ప్రాంతంలో ఒక్క బీవర్ కూడా మిగలకూడదన్నట్టు వేటాడించింది. బొచ్చు కోసం అమెరికా పశ్చిమాన అంతటా ఇదే జరిగింది. బీవర్లతో పాటు వాటి కట్టలూ పోయాక వాగులు అడుగు కోసుకుపోయి లోతైన కాలువలయ్యాయి, గట్ల మీది చెమ్మ ఆరిపోయింది. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో బ్రిడ్జ్ క్రీక్ అనే వాగులో 2009 నుంచి 2012 వరకు గుంజలు పాతి, విల్లో కొమ్మలు అల్లి 121 కట్టలు వేశారు. 2016 నాటి అధ్యయనం ప్రకారం స్టీల్‌హెడ్ (సముద్రానికి వెళ్లి వచ్చే ట్రౌట్ చేప) పిల్లల ఉత్పత్తి 175 శాతం పెరిగింది.

దిగువ పొలం:
చేపల లెక్క సరే, నీళ్ల లెక్క ఏమిటి? అక్కడి చట్టంలో ముందు వాడుకున్నవారిదే మొదటి హక్కు. పైన వంద కట్టలు వేస్తే ఎండాకాలం చివర పశువుల గడ్డికి నీరెక్కడిది? ఎగువన కట్ట లేస్తే దిగువవారి గుండె ఝల్లుమనడం మనకు కొత్త కాదు.

వాగుగట్టు:
మీ భయాన్ని కొట్టిపారేయను. చెరువు నిండేటప్పుడు నీరు ఆగుతుంది, కొత్తగా పెరిగే చెట్లూ తాగుతాయి. కానీ ఇది కాంక్రీటు ఆనకట్ట కాదు, సందుల గుండా కారుతూనే ఉంటుంది. పక్కలకు పరుచుకున్న నీరు నేలలోకి ఇంకి, కొంత ఆలస్యంగా మళ్లీ వాగులోకే ఊరుతుంది.

పాదముద్ర:
చేపలకు అడ్డం కాదా? అయినా నిజమైన బీవర్లనే తెచ్చి వదిలితే ఈ గుంజల శ్రమ ఎందుకు?

వాగుగట్టు:
బ్రిడ్జ్ క్రీక్‌లో చేపల రాకపోకలకు ఆటంకం కనిపించలేదు. ఇక బీవర్లంటారా, అక్కడ కొద్దిగా ఉండేవి. కానీ ఇరుకు కాలువలో వరద ఉరవడికి వాటి కట్టలు చాలావరకు ఏడాది తిరగకుండానే కొట్టుకుపోయేవి. తీగకు పందిరి వేసినట్టు ఆ కట్టలకు ఆసరాగా గుంజలు పాతారు. తరువాత ఆ గుంజల మీద బీవర్లే కట్టుకోసాగాయి. నేను కోరేది అదే. బీవర్ చేతికి పని అప్పగించేదాకానే మన పని. అవి రాని చోట ఏటేటా మరమ్మతు చేస్తూ కూర్చోవడాన్ని నేను సమర్థించను.

దిగువ పొలం:
అయితే నాదొక షరతు. కట్టకముందే దిగువ ప్రవాహాన్ని కొలవాలి, కట్టాకా కొలవాలి. అలా చేస్తే అభ్యంతరం మానుకుంటాను.

వాగుగట్టు:
న్యాయమైన షరతు. బ్రిడ్జ్ క్రీక్‌లో చేపల విషయంలో అలాగే చేశారు. ముందూ వెనుకా లెక్కించి, కట్టలు వేయని మరో వాగుతో పోల్చారు. నీటికీ అంత శ్రద్ధ పెట్టమని నేనూ అడుగుతాను.