వీపీఎన్ ఆన్‌లో ఉంటే నా కంప్యూటర్ ఐపీ అడ్రస్ ఏది? ఐటీ వాళ్ళు అడుగుతున్నారు

అందరికీ నమస్కారం. ఈ మధ్యే ఇక్కడికి వచ్చి ఉద్యోగంలో చేరాను, ఎక్కువగా ఇంటి నుంచే పని. ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించుకోవాలని ఐటీ వాళ్ళకి టికెట్ వేస్తే "వీపీఎన్‌కి కనెక్ట్ అయ్యి మీ ఐపీ అడ్రస్ పంపండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. ఐపీ చూపించే వెబ్‌సైటులో ఒక నంబరు ఉంది, వైఫై సెట్టింగుల్లో 192.168తో మొదలయ్యేది ఇంకోటి, కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే నాలుగైదు. పైగా ఆ వెబ్‌సైటు నేను వేరే ఊళ్ళో ఉన్నానంటోంది. ఏది పంపాలి? ఈ మాత్రం తెలీదా అనుకుంటారేమోనని మళ్ళీ అడగడానికి మొహమాటంగా ఉంది.

*

తమ్ముడూ, టెన్షన్ పడకు. ఐపీ అడ్రస్ అంటే నెట్‌వర్కులో కంప్యూటర్‌ని గుర్తించే నంబరు, ఆఫీసు వీపీఎన్ అంటే ఇంటి నుంచి కంపెనీ నెట్‌వర్కులోకి వెళ్ళే ప్రత్యేకమైన దారి. నువ్వు చూసినవన్నీ నీ కంప్యూటర్‌కి సంబంధించినవే, ఎవరు ఎటువైపు నుంచి చూస్తున్నారన్న దాన్ని బట్టి ఏది పనికొస్తుందో మారుతుంది, అంతే. 192.168 నంబరు మీ ఇంటి రౌటర్ ఇచ్చింది. అది ఫ్లాట్ నంబరు లాంటిది, అపార్ట్‌మెంట్ ఏదో చెప్పకుండా 203 అంటే ఎవరూ రాలేరు. ఐటీ వాళ్ళకి దానితో పని లేదు. వెబ్‌సైటు చూపించేది నీ ట్రాఫిక్ ఇంటర్నెట్‌లోకి ఏ గుమ్మం నుంచి బయటికొస్తోందో ఆ నంబరు. వీపీఎన్ ఆన్‌లో ఉంటే అది చాలాసార్లు కంపెనీ సర్వరుదే అవుతుంది, అందుకే వేరే ఊరు కనిపిస్తోంది. దాన్ని పంపినా లాభం లేదు, నీతో పాటు కనెక్ట్ అయిన అందరికీ అదే ఉండొచ్చు.

వాళ్ళకి కావలసింది మూడోది, కనెక్ట్ అయినప్పుడు వీపీఎన్ నీకు ఇచ్చిన లోపలి ఐపీ. వాళ్ళు నీ స్క్రీన్ తీసుకోవాలన్నా, సాఫ్ట్‌వేర్ పంపి పెట్టాలన్నా దాని ద్వారానే వస్తారు.

ఎలా కనిపెట్టాలంటే, ముందు వీపీఎన్ ఆపెయ్. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, సీఎండీ అని టైప్ చేసి, నల్ల విండోలో ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టు. వచ్చింది అలాగే ఉంచి వీపీఎన్ కనెక్ట్ చేసి, ఇంకో విండోలో మళ్ళీ అదే కమాండ్ ఇచ్చి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. ఇందాక "మీడియా డిస్‌కనెక్టెడ్" అని ఉన్న అడాప్టర్ (నెట్‌వర్కుకి కలిపే ఒక్కో దారి పేరు) కింద ఇప్పుడు నంబరు వచ్చి ఉంటుంది, లేదంటే కొత్త అడాప్టరే ఒకటి చేరి ఉంటుంది. అక్కడ ఐపీవీ4 అడ్రస్ అన్న వరుసలో ఉన్నదే నీకు కావలసింది. చాలా కంపెనీల్లో అది 10తో మొదలవుతుంది, కానీ 172.16 నుంచి 172.31 వరకు ఏదైనా కావచ్చు, 192.168 కూడా కావచ్చు. ఇవన్నీ లోపలి నెట్‌వర్కుల కోసం పక్కన పెట్టిన నంబర్లు, కాబట్టి మొదటి అంకెలు చూసి తీర్మానించకు. డెవలపర్ల ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ల (కంప్యూటర్ లోపలే నడిచే ఇంకో కంప్యూటర్ లాంటివి) కోసం వీఈథర్నెట్ అని 172తో ఒకటి ఉంటుంది, వీపీఎన్‌దే అనుకుని దాన్ని పంపేసేవాళ్ళు ఉన్నారు. ఆపి, ఆన్ చేసి పోల్చడమే నమ్మకమైన పద్ధతి.

*

అన్నయ్య చెప్పింది బాగుంది. మ్యాక్ ఉన్నవాళ్ళు టెర్మినల్‌లో ఐఎఫ్‌కాన్ఫిగ్ కొట్టండి. యూటన్ పేరుతో చాలా కనిపిస్తాయి, కంగారు పడొద్దు, వాటిలో ఐనెట్ అన్న వరుసలో చుక్కల నంబరు ఉన్నదే సాధారణంగా వీపీఎన్‌ది. లినక్స్‌లో టన్0 అనో డబ్ల్యూజీ0 అనో ఉంటుంది.

ఇంకో మాట తమ్ముడూ, ఈ నంబరు శాశ్వతం కాదు. వీపీఎన్ తెగి మళ్ళీ కనెక్ట్ అయితే చాలాచోట్ల కొత్తది ఇస్తుంది. పొద్దున పంపిన ఐపీతో వాళ్ళు సాయంత్రం ప్రయత్నిస్తే దొరకదు, "యూజర్ ఆఫ్‌లైన్" అని టికెట్ మూసేస్తారు. అందుకే కంప్యూటర్ పేరు కూడా రాయి. అదే నల్ల విండోలో హోస్ట్‌నేమ్ అని కొడితే వస్తుంది, అది మారదు.

*

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు వీపీఎన్ ఆన్ చేసినా ఆపినా వెబ్‌సైటులో ఒకటే నంబరు. పాడైందా?

*

పాడవలేదండీ. ఆఫీసు పనులు మాత్రమే వీపీఎన్ గుండా పంపి మిగతావి నేరుగా ఇంటి ఇంటర్నెట్ మీదే వదిలే కంపెనీలు చాలా ఉన్నాయి, స్ప్లిట్ టన్నెల్ అంటారు. ఐపీకాన్ఫిగ్‌లో వీపీఎన్ నంబరు వచ్చి, ఆఫీసు లోపలి పేజీలు తెరుచుకుంటుంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. ఆ వెబ్‌సైటులో చుక్కలు కాకుండా కోలన్లతో పొడుగ్గా ఉన్న నంబరు కనిపిస్తే అది ఐపీవీ6. కొన్ని వీపీఎన్‌లు ఐపీవీ4ని మాత్రమే పట్టించుకుంటాయి, అప్పుడు మీ ఇంటి ఐపీవీ6 అడ్రసే బయటికి కనిపిస్తుంది. ఆఫీసు వీపీఎన్ అయితే సెట్టింగులు మీరు మార్చకుండా ఐటీకి చెప్పండి. ప్రైవసీ కోసం డబ్బు కట్టి వీపీఎన్ కొనుక్కున్నవాళ్ళు మాత్రం ఇది తప్పకుండా సరిచేసుకోవాలి.

*

తమ్ముడికి చివరిగా ఒకటి. మొహమాటపడి చేతికొచ్చిన నంబరు పంపకు. "ఇది వీపీఎన్ ఇచ్చిన ఐపీ, ఇది కంప్యూటర్ పేరు, ఫలానా టైం వరకు కనెక్ట్ అయి ఉంటాను" అని టికెట్‌లోనే రాసేయ్, వాళ్ళ పనీ తేలికవుతుంది. నువ్వు టికెట్ వెయ్యకుండానే ఎవరైనా ఐటీ నుంచి అంటూ ఫోన్ చేసి ఐపీ చెప్పు, ఫలానా ప్రోగ్రాం దింపు అంటే మాత్రం ఫోన్ పెట్టేసి, కంపెనీ పోర్టల్‌లో ఉన్న నంబరుకి నువ్వే తిరిగి చెయ్యి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉద్యోగం పోతుందేమోనని భయపడి ఏది అడిగినా చేసేస్తారు, మోసగాళ్ళకి కావలసిందీ అదే. ఐటీలో నిజంగా పనిచేసేవాళ్ళెవరూ నువ్వు తిరిగి చేస్తానంటే కోప్పడరు.