బ్రూడర్‌లో ‘డ’, ఫాటర్‌లో ‘ట’ ఎందుకు?

జర్మన్_క్లాస్_బాధితుడు:
మూడు నెలలుగా జర్మన్ నేర్చుకుంటున్నా. పితృ–ఫాదర్, పాదం–ఫుట్, త్రయం–త్రీ చూసి, సంస్కృతంలో ‘ప’ ఉన్నచోట అటు ‘ఫ’, ‘త’ ఉన్నచోట ‘థ’ అని జాకబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడి సూత్రం బట్టీ కొట్టి సంబరపడ్డాను. తీరా చూస్తే జర్మన్‌లో తండ్రి ఫాటర్, తల్లి ముటర్, అన్న మాత్రం బ్రూడర్! పితృ, మాతృ, భ్రాతృ, మూడింట్లోనూ ఉన్నది ఒకటే ‘త’ కదా, మరి ఈ పంక్తిభేదం ఏమిటి? టీచర్‌ని అడిగితే “అదంతే, గుర్తుపెట్టుకోండి” అన్నారు.

పాతపుస్తకాల_పురుగు:
దీని జవాబు వేదస్వరంలో ఉంది, నిజంగానే. పితా, మాతా అన్నప్పుడు ఉదాత్తం (ఎత్తి పలికే స్వరం) చివరి అక్షరం మీద, భ్రాతాకి మొదటి అక్షరం మీద. స్వరాలు గుర్తించిన పుస్తకం ఉంటే ఋగ్వేదం మొదటి సూక్తంలో ‘పితేవ’ చూడండి, ‘పి’ కింద అడ్డగీత ఉంటుంది, అది అనుదాత్తం (దించి పలికేది), ఉదాత్తం ‘తే’ది. జర్మానిక్ భాషల్లో (ఇంగ్లీషు, జర్మన్ లాంటివి) కూడా మొదట్లో స్వరం ఇలాగే ఉండేది. మూడు ‘త’లూ ముందు ‘థ’ అయ్యాయి, అక్కడిదాకా గ్రిమ్ కరెక్టే. ఆ తర్వాత, ముందున్న అచ్చు మీద ఉదాత్తం లేనిచోట ఆ ‘థ’ మెత్తబడి ‘డ’ అయింది (మన సరళాదేశం గుర్తొస్తుంది నాకైతే, కారణం వేరనుకోండి). భ్రాతాలో మాత్రం అలాగే నిలిచింది. ఆపైన స్వరం అన్ని మాటల్లోనూ మొదటి అక్షరానికి జరిగిపోయింది, ఆనవాలు చెరిగిపోయింది. గ్రిమ్ 1822లో రాస్తే, 1875లో డెన్మార్క్ పండితుడు కార్ల్ వెర్నర్ పట్టుకునేదాకా ఇవి మినహాయింపులుగానే పడి ఉన్నాయి.

జర్మన్_క్లాస్_బాధితుడు:
అబ్బా! కానీ మీ లెక్కన తండ్రికి ‘డ’, అన్నకి ‘థ’ ఉండాలి. ఇక్కడ ‘ట’, ‘డ’ ఉన్నాయే?

పాతపుస్తకాల_పురుగు:
జర్మన్‌లో తర్వాత ఇంకో రౌండు జరిగింది. ‘డ’ కాస్తా ‘ట’ అయింది, ‘థ’ ‘డ’ అయింది. ఇంగ్లీషు డే వాళ్లకి టాగ్, త్రీ వాళ్లకి డ్రై. ఇప్పటి ఇంగ్లీషులో ఫాదర్, మదర్, బ్రదర్ ఒకేలా పలుకుతున్నాయని మోసపోకండి, పాత ఇంగ్లీషులో మొదటి రెండింట్లో ‘డ’యే ఉండేది.

అన్నీ_మనవే:
అంటే పాదం నుంచే ఫుట్ వచ్చిందన్నమాట.

పాతపుస్తకాల_పురుగు:
రాలేదండీ. ఆ రెండూ అన్నదమ్ములు, తండ్రీకొడుకులు కావు. ఆమాటకొస్తే పాదం తెలుగుకీ అరువు మాటే, మన సొంతది అడుగు.

జర్మన్_క్లాస్_బాధితుడు:
ఆఖరి డౌట్. సంస్కృతం ‘అస్తి’కి (ఉన్నాడు, ఉంది) జర్మన్‌లో ఇస్ట్. ఇక్కడ ‘త’ ఎందుకు మారలేదు?

పాతపుస్తకాల_పురుగు:
ముందు ‘స్’ ఉంది కదా. ‘స్’ వెనక నిలబడిన ‘త’ జోలికి గ్రిమ్ మార్పు పోలేదు.