కింగ్ పిన్ ఊడి రావట్లేదు, పొద్దున్నించి కొడుతున్నా, ఎవరైనా చెప్పండి

పుంగనూరు పికప్:
పొద్దున ఆరింటికి జాకీ ఎక్కించాను, రెండు దాటింది. ముందు చక్రం ఏ నిలువు పిన్ను మీద అటూ ఇటూ తిరుగుతుందో ఆ కింగ్ పిన్, ఎడమవైపుది, వెంట్రుకవాసి కూడా కదల్లేదు. డీజిల్ పోశాను, కిరసనాయిలు పోశాను, పెద్ద సుత్తితో కొట్టి కొట్టి చెయ్యి వాచింది. పిన్ను తల పుట్టగొడుగులా విచ్చుకుంది గానీ కిందికి దిగదే! బాల్ జాయింట్లు నాలుగూ పోయిన నెలే మార్పించాను. అయినా అరవై దాటితే స్టీరింగ్ చేతుల్లో ఆగట్లేదు, గుంట తగిలిందంటే ముందు భాగమంతా ఊగిపోతోంది. మెకానిక్‌ని అడిగితే వారం తర్వాత రమ్మన్నాడు, అందుకే కింగ్ పిన్నూ, అది తిరిగే బుష్షులూ ఉన్న కిట్ తెచ్చుకుని నేనే దిగాను. రేపు రాత్రికి చెన్నైకి టమాటా లోడు ఒప్పుకున్నా. ఎలా ఊడుతుందో తొందరగా చెప్పండి.

ఎన్‌హెచ్ 44:
ఏ బండి?

కమాన్ కట్ట:
అన్నా, బాల్ జాయింట్లున్న బండికి కింగ్ పిన్ ఎక్కణ్నుంచి వచ్చింది? పై ఆర్ముకీ కింది ఆర్ముకీ చివర, చక్రం ఎక్కే స్టబ్ యాక్సిల్‌ని పట్టుకునేది బాల్ జాయింట్. కాయిల్ స్ప్రింగు బండ్లకి ఎక్కువగా అదే ఉంటుంది. ముందు అడ్డంగా ఒకటే ఇనప దూలం ఉండి, దాని చివర్లలో చక్రం తిరిగే బండికి కింగ్ పిన్ ఉంటుంది. ఒకే చక్రానికి రెండూ ఉండవు. బండి పేరు చెప్పకుండా, ఫొటో పెట్టకుండా ఏం చెప్పమంటావు?

పుంగనూరు పికప్:
మహీంద్రా పికప్, పాతది. మా వైపు ఇంకేం తిరుగుతాయి? ముందు కమాన్ కట్టలే, అదే పట్టీల స్ప్రింగులు. అడ్డ రాడ్డు చివర్లలో ఉండేవాటినే మా దగ్గర బాల్ జాయింట్లంటారు, షాపులో అలా అడిగితేనే ఇస్తారు.

కమాన్ కట్ట:
అవి టై రాడ్ ఎండ్లు. ఇలా ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకుంటే సాయం చేసేవాడు పిచ్చోడవుతాడు. మహీంద్రా పికప్పుల్లోనే ముందు కమాన్లున్నవీ, కాయిల్ ఉన్నవీ రెండు రకాలూ తిరుగుతున్నాయి.

ఆటోనగర్ మూడో లైను:
విజయవాడలో మేమూ బాల్ జాయింట్లనే అంటాం, ఎవరూ పిచ్చోళ్ళు కాలేదు. పుంగనూరు తమ్ముడూ, లాక్ పిన్ తీశావా?

పుంగనూరు పికప్:
లాక్ పిన్ ఏంటి? పై మూత, కింది మూత తీశాను.

ఆటోనగర్ మూడో లైను:
అదీ సంగతి. సుత్తి పక్కన పెట్టు.

దూలం చివర గుండులా ఉందే, కింగ్ పిన్ నిలువుగా దిగేది దాంట్లోంచే. ఆ గుండులోకి పక్కనుంచి వేలంత పిన్ను ఒకటి అడ్డంగా దిగి ఉంటుంది. మట్టి, గ్రీజు పట్టేసి కంటికి ఆనదు. వైరు బ్రష్షుతో గీకి చూడు, బయటపడుతుంది. కింగ్ పిన్ నడుము దగ్గర ఒక గాడి ఉంటుంది, లాక్ పిన్ ఆ గాడిలోనే ఇరుక్కుని కూర్చుంటుంది. అది తీయకుండా నువ్వు ఎంత కొట్టినా దెబ్బ దూలానికే తగులుతుంది.

లాక్ పిన్‌కి నట్టు ఉంటే మొత్తం ఊడదీయొద్దు. మర చివరికి సమంగా వచ్చేదాకా వదులు చేసి, దాని మీద ఇత్తడి ముక్క పెట్టి కొట్టు, మర చెడదు. నట్టు లేకపోతే ఏ చివర సన్నగా ఉందో చూసి ఆ వైపు నుంచి కొట్టు. అటుదిటు కొట్టావంటే ఇంకా బిగుస్తుంది.

ఇంకొకటి. విచ్చుకున్న పిన్ను తల అలాగే కిందికి దిగితే స్టబ్ యాక్సిల్ రంధ్రం గీకేస్తుంది. ముందు గ్రైండరుతో తల చుట్టూ సమంగా రాసేయ్.

ఎన్‌హెచ్ 44:
గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చు. ఐదు నిమిషాల పని.

కమాన్ కట్ట:
ఎర్రగా కాలుస్తాడట! ఆ దూలం గట్టిపడేలా ఫ్యాక్టరీలో వేడి చేసి, చల్లార్చి తయారు చేసిన వస్తువు. ఎర్రగా కాలిస్తే అక్కడ మెత్తబడుతుంది. తర్వాత గుంటలో పడితే వంగేది అక్కడే. మొగిలి ఘాట్ దిగేటప్పుడు వంగితే ఎవడిది పూచీ?

ఎన్‌హెచ్ 44:
ఇరవై ఏళ్ళుగా కాలుస్తున్నారు. ఒక్కటీ వంగలేదు.

ఆటోనగర్ మూడో లైను:
కాల్చేవాళ్ళున్నారు, నిజమే. చెయ్యి పెడితే ఓర్చుకోలేనంత వేడి చేస్తే నూనె లోపలికి దిగుతుంది, అది చాలు. రంగు మారేదాకా వెళ్ళకూడదు. ఇతనికి అదీ అక్కర్లేదు, లాక్ పిన్ తీస్తే చాలు.

టెక్సస్ ట్రక్కు:
నమస్కారమండీ, డాలస్ నుంచి. నా దగ్గర పాత ఫోర్డ్ ఎఫ్-సిరీస్ ట్రక్కు ఉంది. ఫోర్డ్ వాళ్ళు 1965లో తెచ్చిన ట్విన్ ఐ-బీమ్ అంటే ఒక దూలం బదులు రెండు, ఒకదాని పక్క నుంచి ఒకటి వెళ్తాయి. ఎడమ చక్రం గుంటలో పడితే కుడి చక్రానికి ఆ కుదుపు పెద్దగా అందదు. నాదాంట్లోనూ కింగ్ పిన్లే. నేనైతే ముందు కాస్టర్ కొలుస్తాను. కింగ్ పిన్ పై భాగం వెనక్కి ఎంత వాలి ఉందో అదే కాస్టర్. ఆ వాలు ఉంటేనే మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను నిటారుగా వస్తుంది. ఇక్కడ ఆన్‌లైన్లో కొలిచే గేజ్ తెప్పించుకుని గరాజ్‌లోనే చూసుకోవచ్చు.

పుంగనూరు పికప్:
సార్, మాకు గరాజ్ లేదు, చింతచెట్టు ఉంది. లాక్ పిన్ కనపడింది. ఆటోనగర్ అన్న చెప్పినట్టే మట్టి కింద ఉంది. కొడుతున్నా.

గ్రీజు గన్:
అసలు కింగ్ పిన్ ఇలా పట్టుకుపోవడానికి కారణం ఎవరూ చెప్పరేం? గ్రీజు. మనవాళ్ళు గ్రీజు కొట్టించేది బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే. గ్రీజు ఎక్కించే నిపుల్ దగ్గర రెండు కొట్లు కొట్టి, పైన కాస్త బయటికి వస్తే అయిపోయిందంటారు. కింద థ్రస్ట్ బేరింగ్ మీద బరువు కూర్చుని ఉంటే దాని మధ్యలోకి గ్రీజు ఎలా పోతుంది? దూలం కింద జాకీ పెట్టి చక్రం గాల్లోకి లేపాలి. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతూ, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికొచ్చేదాకా కొట్టాలి. ఇది చేసినవాడి కింగ్ పిన్ ఏళ్ళకేళ్ళు మన్నుతుంది. వానలో నీళ్ళలోంచి వెళ్ళొస్తే మళ్ళీ కొట్టాలి. ఎన్నిసార్లు చెప్పినా బండి కడిగించడానికున్న డబ్బు గ్రీజుకి ఉండదు.

రూల్సు మాస్టారు:
గ్రీజు సంగతి సరే, లోడు సంగతో? టమాటా క్రేట్లు క్యాబిన్ ఎత్తు దాటించి కడతారు. ముందు భాగం అరగక ఏమవుతుంది? మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఓవర్‌లోడుకి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకి 2,000. దానికంటే కిట్ చవక అనుకుంటున్నారా?

ఎన్‌హెచ్ 44:
మాస్టారూ, కిరాయి ఎంతిస్తారో తెలుసా మీకు?

రూల్సు మాస్టారు:
కిరాయి తక్కువని ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?

పుంగనూరు పికప్:
ఊడింది!! లాక్ పిన్ బయటికొచ్చాక కింగ్ పిన్ నాలుగు దెబ్బలకే దిగింది. పిన్ను కింది భాగం ఒకవైపే అరిగిపోయి ఉంది, గోరు పెడితే మెట్టు తగులుతోంది. పై బుష్షు గ్రీజుతో మెరుస్తోంది, కింది బుష్షు ఎండిపోయి తుప్పు పొడి రాలుతోంది. కొత్త బుష్షులు కొట్టేసి బిగించేయనా?

ఆటోనగర్ మూడో లైను:
ఆగు. కొట్టేయడం కాదు, స్టబ్ యాక్సిల్ పట్టుకుని లేత్ షాపుకి వెళ్ళు. కొత్త బుష్షు ప్రెస్సులో దిగాక లోపల కాస్త ముడుచుకుంటుంది. అందులో పిన్ను దిగదు, దిగినా తిరగదు. పైదీ కిందదీ ఒకే గీతలో ఉండేలా, రంధ్రాన్ని సైజుకి గీకే పొడవాటి రీమర్‌తో రెండూ కలిపి రీమర్ కొట్టించు. విడివిడిగా కొడితే వంకర వస్తుంది, స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది. పిన్ను చేత్తో నొక్కితే జారుతూ దిగాలి గానీ లటలట కొట్టుకోకూడదు.

బుష్షుకి రంధ్రం ఉంటుంది, స్టబ్ యాక్సిల్‌లో నిపుల్ దగ్గర ఒక రంధ్రం ఉంటుంది. రెండూ ఎదురెదురుగా రావాలి. నీ కింది బుష్షు ఎండడానికి అదే కారణం కావచ్చు. పోయినసారి ఎవడో రంధ్రం చూసుకోకుండా దించేసి ఉంటాడు, నిపుల్ దగ్గర ఎంత కొట్టినా గోడకి కొట్టినట్టే. ప్రెస్సు దగ్గర నువ్వే నిలబడి సన్న తీగ దూర్చి చూడు.

గ్రీజు గన్:
నిపుల్ మూసుకుపోయి కూడా ఉండొచ్చు. పది రూపాయల నిపుల్ మార్చడానికి ఏడుస్తారు.

కమాన్ కట్ట:
బుష్షుల సంగతి సరే. అరవై దగ్గర ఊపు కింగ్ పిన్ వల్లే అని ఎవరు తేల్చారు? విప్పకముందు చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి చూశావా? ఊగుతుంటే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. ఊగడం ఆగిపోతే తప్పు వీల్ బేరింగ్‌ది. ఆగకపోతే కింగ్ పిన్‌ది. కుడివైపు ఇంకా విప్పలేదుగా, దానికైనా చెయ్. తర్వాత బండి నేల మీద ఉంచి ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతుంటే నువ్వు కింద పడుకుని చూడు. స్టీరింగ్ బాక్స్ చాసిస్ దగ్గర కదులుతోందా, కమాన్‌ని చాసిస్‌కి కలిపే షాకిల్ బుష్షులు అరిగాయా అన్నీ తెలుస్తాయి.

టెక్సస్ ట్రక్కు:
నేను కాస్టర్ అన్నది అందుకేనండీ. వెనక కమాన్ పట్టీలు ఏమైనా ఎక్కువ వేయించారా?

పుంగనూరు పికప్:
వేయించాను, కొన్నప్పుడే. అందరూ వేయిస్తారు. దానికీ ముందు చక్రానికీ ఏం సంబంధం?

టెక్సస్ ట్రక్కు:
ఉందండీ. వెనక పట్టీలు పెరిగితే ఖాళీ బండి వెనక్కాల ఎత్తుగా, ముక్కు కిందికి నిలబడుతుంది. దాంతో చాసిస్‌తో పాటు ముందు దూలం కూడా ముందుకి వాలుతుంది, కాస్టర్ తగ్గిపోతుంది. స్టీరింగ్ నిలకడగా ఉండదు. మీకు ఊపు ఎక్కువగా ఖాళీగా వచ్చేటప్పుడా, లోడుతో వెళ్ళేటప్పుడా?

పుంగనూరు పికప్:
ఖాళీగా వచ్చేటప్పుడే ఎక్కువ. ఇది ముందే చెప్పాల్సిందా?

కమాన్ కట్ట:
మొదటి లైన్లోనే చెప్పాల్సింది!

రూల్సు మాస్టారు:
ఆ పట్టీలు వేయించింది ఎక్కువ లోడుకే కదా. నేను చెప్పింది అదే.

ఎన్‌హెచ్ 44:
పట్టీలు తీసేస్తే లోడుకి వెనక కూర్చుంటుంది. మాట్లాడటం తేలిక.

ఆటోనగర్ మూడో లైను:
పట్టీల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు అరిగినవి మార్చి, టైర్లు బ్యాలెన్సింగ్ చేయించి, టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో, చూపించి నడిపి చూడు. ముందు కమాన్లకీ దూలానికీ మధ్య ఒకవైపు మందంగా ఉండే చెక్క ముక్కలాంటి ఇనప వెడ్జి పెట్టి కాస్టర్ సరిచేసేవాళ్ళున్నారు. అరిగిన బుష్షుల మీద అది పెడితే ఉపయోగం లేదు. ఇంకోమాట, పోయిన నెల టై రాడ్ ఎండ్లు మార్చినప్పుడు అలైన్‌మెంట్ చూపించావా?

పుంగనూరు పికప్:
మరలు లెక్కపెట్టి అంతే ఎక్కించాడు. అలైన్‌మెంట్ అవసరం లేదన్నాడు.

ఆటోనగర్ మూడో లైను:
మరల లెక్క అలైన్‌మెంట్ షాపుదాకా బండి నడుపుకెళ్ళడానికి. కొత్త ఎండు పొడవు పాతదాంతో సరిగ్గా ఒకటే ఉండదు. టైరు అడ్డంగా చేత్తో నిమిరి చూడు, ఒకవైపు నున్నగా, వెనక్కి లాగితే రంపంలా తగిలితే టో తప్పింది.

గ్రీజు గన్:
ఆ కొత్త ఎండ్లకి నిపుల్ ఉందా? గ్రీజు కొట్టాడా?

పుంగనూరు పికప్:
లేత్ షాపులో ఉన్నా. రీమర్ కొడుతున్నాడు. తీగ దూర్చి చూశాను, పాత కింది బుష్షు రంధ్రం నిజంగానే పక్కకి తిరిగి ఉంది. ఎడమవైపు ఈ రాత్రికి బిగిస్తా. కుడిది లోడు దించి వచ్చాక.

కమాన్ కట్ట:
ఒకవైపు కొత్తది, ఒకవైపు అరిగినదా? ఆ స్థితిలో ఘాట్ దిగొద్దు. లోడు ఇంకొకరికి ఇచ్చేయ్.

రూల్సు మాస్టారు:
ఈ ఒక్కమాటకి నేను ఆయనతో ఏకీభవిస్తున్నాను.

పుంగనూరు పికప్:
సరే సరే, మా బావ బండికి చెప్పాను లోడు. ఆటోనగర్ అన్నకి థాంక్స్. చార్జింగ్ అయిపోతోంది.

బేస్తవారిపేట బండి:
నాదీ ఇదే బండి, ఇదే ఊపు. కిట్ ఎంతైందో చెప్పగలరా?

ఎన్‌హెచ్ 44:
షాపులో అడుగు.

గ్రీజు గన్:
కిట్ కొనేముందు గ్రీజు ఎప్పుడు కొట్టించావో చెప్పు.